కరెంటు అతికిన లంకె

కరెంటుతో గొలుసు లంకెలను అతికే యంత్రాలకు మూలం అమెరికాలో ఎలిహు థామ్సన్ 1886లో పేటెంటు పొందిన వెల్డింగ్ పద్ధతి. అంతకుముందు అతుకంటే కొలిమి పనే. ఇంగ్లండులోని క్రాడ్లీ హీత్‌లో కడ్డీని ఎర్రగా కాల్చి, వంచి, ముందు లంకెలో దూర్చి, దాగలి మీద సుత్తితో కొట్టి అతికేవారు. సన్న గొలుసులు ఎక్కువగా ఆడవాళ్లే చేసేవారు. యంత్రాలు వచ్చాక కూడా ఈ చేతిపని సాగింది; 1910లో న్యాయమైన కూలి కోసం వాళ్లు చేసిన సమ్మె చరిత్రకెక్కింది.

యంత్రంలోని ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజిని బాగా తగ్గించి కరెంటును వేల ఆంపియర్లకు పెంచుతుంది. వంచిన లంకె కొసలు కలిసేచోట నిరోధం ఎక్కువ కాబట్టి వేడి అక్కడే పుడుతుంది. రాగి ఎలక్ట్రోడ్లు కరెంటు అందిస్తుంటే, మెత్తబడిన కొసలను యంత్రం ఒకదానిలోకి ఒకటి నొక్కుతుంది. అతుకు చుట్టూ లోహం ఉబ్బి కట్టులా లేస్తుంది. దాన్ని వేడి మీదే చదును చేస్తారు.

అసలు చిక్కు లంకె ఆకారంలోనే ఉంది. అది మూసిన వలయం. అందుకే కొంత కరెంటు అతుకును తప్పించుకుని వెనక వైపు నుంచి పారిపోతుంది. ఆ నష్టాన్నీ భరించి అతుకును తగినంత వేడెక్కించడం మెచ్చుకోదగ్గ నేర్పు. పక్కపక్క లంకెలు ఒకదానికొకటి అడ్డంగా ఉంటాయి కనుక యంత్రం లంకె విడిచి లంకెను అతుకుతుంది. మిగిలినవాటి కోసం గొలుసు రెండోసారి నడుస్తుంది. ఆపైన గొలుసును బలంగా లాగి పరీక్షిస్తారు.