కెనడా డాక్టరుకు మేర గింజలు

మా తాతగారి ఊళ్ళో మంగలికి గడ్డానికింత, క్రాపుకింత అని ఎవరూ ఇచ్చేవారు కాదట. పంట నూర్చాక కళ్ళంలోనే ఇంటికిన్ని కుంచాలని మేర కొలిచేవారు. ఏడాదిలో పదిసార్లు గీయించుకున్నా, యాభైసార్లు గీయించుకున్నా మేర మారేది కాదు. అందులో కులం కట్టడి ఉంది, కాదనలేని వెట్టి ఉంది. దాన్ని ముద్దుగా తలుచుకోవాల్సిన పనేమీ లేదు. కానీ ఉత్త లెక్కగా చూస్తే, కెనడా రాష్ట్రాలు పాతికేళ్ళుగా తమ ఫ్యామిలీ డాక్టర్లను మళ్ళించాలని తంటాలు పడుతున్నది ఆ మేర లెక్కలోకే. చూపుకింత అనే పద్ధతి వదిలించి, తలకింత అని ఏడాది మొత్తానికి ముట్టజెప్పే పద్ధతిలోకి తేవడమన్నమాట.

‘మేనేజ్డ్ కేర్’ అన్న మాట ఇక్కడ పెద్దగా వినపడదు. అంటే చాలు, పక్కదేశపు ఇన్సూరెన్స్ కంపెనీలూ, ఆపరేషన్‌కి ముందు వాళ్ళిచ్చే అనుమతులూ గుర్తొచ్చి జనం బెదురుతారు. అందుకని ‘ప్రైమరీ కేర్ రిఫార్మ్’ అని మెత్తగా అంటారు. పని మాత్రం దాదాపు అదే. ఫలానా వెయ్యిమంది బాగోగులు ఫలానా డాక్టర్ల జట్టువి అని పేర్లు రాసుకుని, వాళ్ళు క్లినిక్‌కి వచ్చినా రాకపోయినా ఆ జట్టుకి డబ్బు కట్టడం.

ప్రభుత్వమే డబ్బిస్తున్నప్పుడు ఒక్క జీవోతో అయిపోదా అని మనవాళ్ళకు అనిపిస్తుంది. కాదు. 1962 జులై 1న సస్కాచెవాన్ రాష్ట్రం అందరికీ ప్రభుత్వ వైద్యబీమా మొదలుపెట్టిన రోజునే డాక్టర్లు సమ్మెకు దిగారు. 23 రోజులు నడిచింది. సస్కటూన్ ఒప్పందంతో ముగిసింది. దాని సారం ఏమిటంటే డబ్బు ప్రభుత్వానిది, దుకాణం డాక్టరుది. చూసిన ప్రతి రోగికీ బిల్లు పంపుకునే స్వేచ్ఛ ఆయనకే ఉండిపోయింది. తర్వాత దేశమంతా ఆ నమూనానే పట్టుకుంది. 1984 కెనడా హెల్త్ యాక్ట్ రోగి జేబులో చెయ్యి పెట్టొద్దంటుంది గానీ, డాక్టరుకు ఏ లెక్కన ఇవ్వాలో చెప్పదు. కాబట్టి ఇక్కడ ఏ ప్రభుత్వమైనా డాక్టర్లను ఆజ్ఞాపించలేదు, బతిమాలుకోవాలి. ఆ బతిమాలుకునే పనికి ఒంటారియో ఒక రకంగా మనుషుల్ని పెట్టింది, బ్రిటిష్ కొలంబియా ఇంకోరకంగా పెట్టింది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరికేం చేతనైందో, ఎవరికేం చేతకాలేదో తెలుస్తుంది.

ఒంటారియోది పెళ్ళిళ్ళ పేరయ్య వ్యవహారం. 2001లో మైక్ హారిస్ ప్రభుత్వం ‘ఒంటారియో ఫ్యామిలీ హెల్త్ నెట్‌వర్క్’ అని ప్రత్యేకంగా ఒక సంస్థనే పెట్టింది. అధ్యక్షురాలు కింగ్‌స్టన్‌కు చెందిన ఫ్యామిలీ డాక్టరు రూత్ విల్సన్. డాక్టర్లను డాక్టరే ఒప్పించగలదన్న ఆలోచన మంచిదే. సంస్థ పని డాక్టర్లను జట్లుగా కూర్చడం, కాంట్రాక్టు చదివి వినిపించడం, ఆదాయం ఎంత వస్తుందో లెక్కగట్టి చూపడం, కంప్యూటర్లకు డబ్బు ఇప్పించడం. 2004కల్లా రాష్ట్రంలో 80 శాతం ఫ్యామిలీ డాక్టర్లు చేరాలన్నది గురి. ఆ దరిదాపులకు కూడా రాలేదు. కాంట్రాక్టు లావు, షరతులు ఎక్కువ, సాయంత్రాలూ శనాదివారాలూ క్లినిక్ తెరవాలి, అన్నిటికీ మించి తలకింత అనే లెక్క మీద నమ్మకం లేదు.

అప్పుడేం చేశారు? మనుషుల్ని మార్చడం మానేసి కాంట్రాక్టును మార్చారు. 2003లో ‘ఫ్యామిలీ హెల్త్ గ్రూప్’ అని ఇంకో వరస తెచ్చారు. అందులో చూపుకింత అలాగే ఉంటుంది, పైన కొసరు వేస్తారు. డాక్టర్లు బారులు తీరారు. ఒకసారి లోపలికొచ్చాక 2007 ప్రాంతంలో ‘ఫ్యామిలీ హెల్త్ ఆర్గనైజేషన్’ అని అసలైన తలకింత పద్ధతిని, ఈసారి మంచి రేటుతో ముందు పెట్టారు. చాలామంది అందులోకి దాటారు. నేర్పుగల ఎత్తుగడే, కాదనను. గడపలోకి రప్పించి తర్వాత వంటింట్లోకి తీసుకెళ్ళడం లాంటిది. 2005 నుంచి కొన్ని జట్లకు నర్స్ ప్రాక్టీషనర్నీ, డైటీషియన్నీ, సోషల్ వర్కర్నీ జీతాలిచ్చి జతచేసి ‘ఫ్యామిలీ హెల్త్ టీమ్’లు కట్టారు, ఇప్పుడవి 180కి పైగా ఉన్నాయి.

ఇదంతా కాగితం మీది కథ. క్లినిక్‌లో ఏం జరిగిందో నా అనుభవం ఒకటి చెబుతాను. టొరంటో పక్కన మా ఊళ్ళో ఒక ప్లాజా, అందులో కిరాణా కొట్టుకీ లాండ్రీకీ మధ్య మా ఫ్యామిలీ డాక్టరు క్లినిక్. మొదటిరోజు కౌంటర్లో ఒక ఫారం ఇచ్చారు. ఇంటిల్లిపాదీ పేర్లు, హెల్త్ కార్డు నంబర్లు, కింద సంతకం. వెనక సన్నక్షరాలు. నేను చదవలేదు, ఎవరూ చదవరు. కౌంటర్లో అమ్మాయి కంప్యూటర్లో క్యూ200 అని కొట్టింది. అది మమ్మల్ని డాక్టరు చిట్టాకెక్కించిన కోడ్. ఓ శనివారం సాయంత్రం మావాడికి జ్వరం వస్తే, క్లినిక్ మూసి ఉంటే, రోడ్డవతల వాకిన్‌లో, అంటే అపాయింట్‌మెంట్ లేకుండా చూసే క్లినిక్‌లో, చూపించుకొచ్చాం. తర్వాత నెలలో ఫోను. ఆ అమ్మాయి మనమ్మాయే, గుంటూరు వైపు.

“అన్నయ్యగారూ, మొన్న బాబుని వాకిన్‌కి తీసుకెళ్ళారా?”

“జ్వరం వచ్చిందమ్మా. మీరేమో మూసేశారు.”

“ఇంకోసారి అలా వెళ్ళకండి, మా డాక్టరుగారికి కోత పడుద్ది.”

“మరి అర్ధరాత్రి వస్తే?”

“ఎమర్జెన్సీకి వెళ్ళండి. దానికి కోత లేదండీ.”

ఆమె చెప్పింది అక్షరాలా నిజం. తలకింత కాంట్రాక్టులో ‘యాక్సెస్ బోనస్’ అని ఒకటుండేది. చిట్టాలో ఉన్న రోగి బయట ఇంకో ఫ్యామిలీ డాక్టరుకి చూపించుకుంటే, ఆ బిల్లు ఈయన బోనస్‌లోంచి తీసేసేవారు. ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళితే తీసేవారు కాదు. రోగిని బాధ్యతగా చూడమని పెట్టిన నిబంధన, చెవినొప్పితో ఏడ్చే పిల్లాణ్ణి అన్నిటికన్నా ఖరీదైన చోటుకు పంపమని నేర్పింది. ఇంతకన్నా ఆశ్చర్యం ఏమిటంటే, ఆ శనివారం మా డాక్టరు జట్టులోనే ఇంకో డాక్టరు రెండు వీధులవతల క్లినిక్ తెరిచే ఉంచారు. కాంట్రాక్టు ప్రకారం జట్టు వంతులవారీగా తెరవాలి, తెరిచారు కూడా. ఆ సంగతి తలుపు మీద లేదు, ఫోన్లో రికార్డు చేసిన మాటలో లేదు, ఆ అమ్మాయికి చెప్పిన దిక్కులేదు. జట్టుగా సంతకం పెట్టారు గానీ జట్టుగా పనిచెయ్యడం ఎవరూ నేర్పలేదు.

ఇది నా ఒక్కడి గొణుగుడు కాదు. 2011లో ఒంటారియో ఆడిటర్ జనరల్ నివేదిక ఇలాంటి లెక్కలే బయటపెట్టింది. రెండు ముఖ్యమైన పద్ధతుల కింద పేరు రాయించుకున్న 86 లక్షల మందిలో 19 లక్షల మంది 2009-10లో తమ డాక్టరు గడప తొక్కలేదు. వాళ్ళ పేర్లు చిట్టాలో ఉన్నందుకే 12.3 కోట్ల డాలర్లు చెల్లించారు. వాళ్ళలో దాదాపు సగంమంది వేరే డాక్టర్ల దగ్గరికి వెళ్ళారు, వాటికీ ప్రభుత్వమే కట్టింది. తలకింత రేటు వయసునీ, ఆడా మగా అన్నదాన్నీ బట్టే ఉండేది గానీ, జబ్బుల బరువును బట్టి కాదు. దాంతో ఎవరు లాభమో డాక్టర్లకు తెలిసిపోయింది. రిచర్డ్ గ్లేజియర్ బృందం 2009లో అచ్చువేసిన అధ్యయనంలో తలకింత పద్ధతి చిట్టాల్లో జబ్బులు తక్కువున్నవాళ్ళు, కలిగినవాళ్ళు ఎక్కువ కనిపించారు. వాళ్ళే ఎమర్జెన్సీకి ఎక్కువ వెళ్ళారు కూడా. కొత్తగా దేశానికొచ్చిన మనలాంటివాళ్ళు చూపుకింత డాక్టర్ల దగ్గరే ఎక్కువ మిగిలారు. 2015లో ప్రభుత్వం ఖర్చుకి జడిసి, తలకింత పద్ధతిలోకి కొత్తవాళ్ళ రాకకు తలుపు సగం మూసేసింది. పదిహేనేళ్ళు రండి రండి అని పిలిచి, వచ్చేసరికి వరసలో నిలబెట్టారు.

ఇక పడమటి తీరం. బ్రిటిష్ కొలంబియా 2002లో ప్రభుత్వమూ డాక్టర్ల సంఘమూ చెరిసగం కూర్చునే కమిటీ ఒకటి వేసుకుంది. ముందే ఒక మాట అనుకున్నారు: చూపుకింత జోలికి పోవద్దు. దాన్నలాగే ఉంచి, ఫలానా పని చేస్తే ఫలానా కొసరు అని తగిలించుకుంటూ పోయారు. కానీ 2007లో మొదలైన ‘ప్రాక్టీస్ సపోర్ట్ ప్రోగ్రామ్’ ఉంది చూశారూ, నడిపే తీరులో దానికి దగ్గరగా వచ్చేది నాకు ఒంటారియోలో కనిపించలేదు. డాక్టరుతో పాటు కౌంటర్లో కూర్చునే అసిస్టెంట్నీ శిక్షణకు రమ్మంటారు. వచ్చిన గంటలకు డబ్బిస్తారు. నేర్పిందాన్ని కొన్ని వారాలు క్లినిక్‌లో చేసి చూసి మళ్ళీ రమ్మంటారు. మధ్యలో ఒక కోఆర్డినేటర్ క్లినిక్‌కే వచ్చి పక్కన కూర్చుంటాడు.

ఆ శిక్షణలో ఒక చిన్న లెక్క ఉంది, నాకు బాగా నచ్చింది. అపాయింట్‌మెంట్ కోసం జనం ఎన్నాళ్ళు ఆగుతున్నారో కొలవాలంటే మొదటి ఖాళీని చూడకూడదు, మూడో ఖాళీని చూడాలి. మొదటిది ఎవరో రాలేనని పది నిమిషాల కిందట ఫోన్ చేస్తే పుట్టిన ఖాళీ కావచ్చు. మూడోదాకా వెళితేగాని నిజం తెలియదు. సోమవారం పొద్దున్నే అసిస్టెంట్ తెరముందు కూర్చుని ఒకటి, రెండు, మూడు అని వేలు పెట్టి లెక్కపెట్టి, పదిహేడు రోజులు అని కాగితం మీద వేస్తుందనుకోండి. ఆ అంకె ఎదురుగా కనపడేదాకా, మా దగ్గర ఎప్పుడూ ఖాళీ ఉంటుందనే డాక్టరుగారు నమ్ముతూ ఉంటారు. దాన్ని తగ్గించడం డాక్టరు ఒక్కరి చేతిలో లేదు. డైరీ అసిస్టెంట్ చేతిలో ఉంది. ఒంటారియో పేరయ్యలు డాక్టర్లతో మాట్లాడినంత మాట్లాడి, డైరీ ఎవరి చేతిలో ఉందో చూడలేదు. తర్వాత కొన్నేళ్ళకు అక్కడా నాణ్యత నేర్పే సంస్థ వచ్చింది గానీ, అప్పటికే పెళ్ళయి పిల్లలు పుట్టారు.

అయితే పడమటి కథ సుఖాంతమా? కాదు. కొసర్లు పెద్దగా పనిచెయ్యలేదు. జబ్బులు ఎక్కువున్న రోగి బాధ్యత తీసుకుంటే ఏడాదికి 315 డాలర్లని 2007లో పెట్టిన కొసరు మీద రూత్ లావెర్న్ బృందం 2016లో రాసిన అధ్యయనం, రోగులకు దానివల్ల డాక్టరు దొరకడం మెరుగుపడలేదని తేల్చింది. ఊరూరా ‘డివిజన్స్ ఆఫ్ ఫ్యామిలీ ప్రాక్టీస్’ అని డాక్టర్ల సంఘాలు కట్టారు. కోరుకున్న ప్రతివారికీ 2015కల్లా ఫ్యామిలీ డాక్టరు అని మాటిచ్చారు. 2022 వచ్చేసరికి రాష్ట్రంలో అయిదుగురిలో ఒకరికి డాక్టరు లేడనే మాట అందరి నోటా నానింది. క్లినిక్ అద్దె, నర్సు జీతం, ల్యాబ్ రిపోర్టులు చదివే రాత్రిళ్ళు... వీటికి చూపుకింతలో చోటు లేదు. ఎంత బాగా నేర్పితే అంత నిదానంగా, శ్రద్ధగా చూస్తారు. శ్రద్ధగా చూస్తే రోజుకి తక్కువమంది అవుతారు, తక్కువమంది అయితే ఆదాయం పడిపోతుంది. శిక్షణ ఒకవైపు లాగుతుంటే గల్లాపెట్టె ఇంకోవైపు లాగింది. అలా లాగుతుంటే శిక్షణ గెలుస్తుందనుకోవడం అమాయకత్వం. 2023 ఫిబ్రవరిలో గాని గల్లాపెట్టె జోలికి వెళ్ళలేదు. కొత్త పద్ధతిలో గంటలకు కొంత, చూపులకు కొంత, చిట్టాలోని మనుషుల సంఖ్యకూ వాళ్ళ జబ్బుల బరువుకూ కొంత. డాక్టర్లు వేలల్లో మారిపోయారు. వాళ్ళను ఒప్పించడానికి పేరయ్య అక్కర్లేకపోయింది.

మరి ఏది మేలు? ఒంటారియో విధానం సరైనది, నడిపిన తీరు ఒట్టిపోయింది. బ్రిటిష్ కొలంబియా నడిపిన తీరు మేలైనది, విధానం ఇరవయ్యేళ్ళు తప్పుదారిలో ఉంది. నన్ను ఒక పక్కకు మొగ్గమంటే పడమటి కార్యక్రమం వైపే మొగ్గుతాను. విధానం ఒక్క రాత్రిలో మార్చుకోవచ్చు, వాళ్ళు మార్చుకున్నారు కూడా. కౌంటర్లో మనిషికి పని నేర్పిన అలవాటు ఒక్క రాత్రిలో రాదు.

ఇక్కడ మన ఆరోగ్యశ్రీ గుర్తుకు రాక మానదు. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైనప్పుడు ప్రైవేటు ఆసుపత్రులదీ ఇలాంటి మార్పే: సొంత రేట్లు వదిలి ప్యాకేజీ రేట్లకు, ఆపరేషన్‌కి ముందు అనుమతులకు అలవాటుపడాలి. అక్కడ ఒకటి మాత్రం మొదటినుంచీ సరిగ్గా చేశారు. కొత్త పని వస్తే కొత్త మనిషి కావాలని గ్రహించారు. రిసెప్షన్ పక్కనే ఆరోగ్యమిత్రను కూర్చోబెట్టారు, ఆసుపత్రి తరఫున మెడ్కో అని ఒక డాక్టర్ని పెట్టమన్నారు. కెనడాలో ఉన్నదేమో అక్కడ లేదు. ఇక్కడ నెల తిరిగేసరికి డబ్బు ఖాతాలో పడుతుంది. అక్కడ బకాయిల కోసం ఆసుపత్రులు సేవలు ఆపేస్తామని రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఏటా ప్రకటనలే.

ఒంటారియో 2025 జనవరిలో 180 కోట్ల డాలర్లతో మళ్ళీ ఒక ప్రణాళిక ప్రకటించింది. కేంద్ర మాజీ ఆరోగ్యమంత్రి జేన్ ఫిల్‌పాట్ నాయకత్వం, కొత్త జట్లు, 2029కల్లా అందరికీ ఫ్యామిలీ డాక్టరో నర్స్ ప్రాక్టీషనరో. మళ్ళీ గురి ఎంతమంది చేరారన్నదే. ఈ మధ్య మా క్లినిక్ తలుపు మీద ఒక కాగితం కనిపించింది, ఏ శనివారం జట్టులో ఎవరి క్లినిక్ తెరిచి ఉంటుందో రాసి. మంత్రిత్వశాఖ ముద్రలేమీ లేవు. నీలం పెన్నుతో, ఆ గుంటూరమ్మాయి గుండ్రటి అక్షరాలు. కింద ఫోన్ నంబరు రెండుసార్లు దిద్ది ఉంది.