శ్రవ్యనాటకమున సత్యప్రతిజ్ఞ: ‘డ్రాగ్‌నెట్’ పరిశీలన

మన ఆలంకారికులు కావ్యమును దృశ్యమనియు, శ్రవ్యమనియు రెండు తెరగులుగా విభజించిరి. నాటకము దృశ్యము, తక్కినవి శ్రవ్యములు. ఈ విభాగమునకు లొంగక, నాటకమై యుండియు చెవికి మాత్రమే గోచరించు ప్రక్రియ ఒకటి ఇరువదవ శతాబ్దమున రేడియోతో పుట్టినది. అందు పాత్రలు కలవు, సంవాదము కలదు, కథాసంధులు కలవు. రంగస్థలము మాత్రము లేదు. అట్టి ప్రక్రియలో దొంగను పట్టుట యను ఇతివృత్తము ఎట్లు నడచును? వెదకవలసిన ఆధారములు, వెంటాడవలసిన మనిషి, భయపెట్టవలసిన తుపాకి, ఇవి యన్నియు కంటికి సంబంధించినవే కదా! ఈ ప్రశ్నకు సమాధానముగా నిలిచిన రచనలలో అమెరికా దేశపు ‘డ్రాగ్‌నెట్’ నాటకమాల ముఖ్యమైనది. సాయుధుడైన దోపిడిదొంగను పోలీసులు గాలించు కథలు అందు పలుమారులు వచ్చును. ఆ కథల శిల్పమును, ఆ నాటకమాల చేసిన సత్యప్రతిజ్ఞను కలిపి పరిశీలించుట ఈ వ్యాసమున ఉద్దేశము.

‘డ్రాగ్‌నెట్’ 1949 జూన్ 3న ఎన్.బి.సి. రేడియోలో ప్రారంభమై 1957 వరకు వినవచ్చినది. నడుమ 1951 చివర టెలివిజనులోనికిని ప్రవేశించినది. దానిని కల్పించి, నిర్వహించి, ప్రధానపాత్రయగు సార్జెంటు జో ఫ్రైడేగా నటించినవాడు జాక్ వెబ్. ఫ్రైడే లాస్ ఏంజిలిస్ నగరపు పోలీసు శాఖలో అపరాధపరిశోధకుడు, అవివాహితుడు, తల్లితో కలిసి యుండువాడు. అతని సహచరుడు బెన్ రొమెరో. ఒక్కొక్క నాటకము అరగంట. ఒక వారము హత్య, ఒక వారము దోపిడి, మరియొక వారము తప్పిపోయిన బిడ్డ. ఫ్రైడే పనిచేయు విభాగము మారును గాని పనిచేయు తీరు మారదు.

పేరును బట్టియే రచయిత దృష్టి తెలియుచున్నది. డ్రాగ్‌నెట్ అనగా నీటి యడుగును ఒరసికొనుచు లాగెడు వల. మన కోస్తా బెస్తలు వాడు అలివివల దీనికి దగ్గరిది. పోలీసు పరిభాషలో ఒక నేరస్థునికొరకు నలుదిక్కుల సాగించు గాలింపునకు ఈ మాట వాడుకయైనది. షెర్లాక్ హోమ్స్ కథలకు నాయకుని పేరే పేరు. అచట ఒక్క మేధావి చూపు చాలును. ఇచట వలయే ప్రధానము. ఫ్రైడే ఆ వలలోని ఒక ముడి మాత్రమే.

ఈ నాటకమాలకు బీజము ఒక చలనచిత్రమున కలదు. 1948లో వెలువడిన ‘హి వాక్డ్ బై నైట్’ అను చిత్రమున వెబ్ పోలీసు ప్రయోగశాలలోని ఒక చిన్న పాత్రను ధరించెను. ఆ చిత్రమునకు సలహాదారుగా నున్న లాస్ ఏంజిలిస్ పోలీసు అధికారి మార్టి విన్‌తో జరిగిన పరిచయము వలన, నిజమైన పోలీసు దస్తరములనుండి నాటకములు వ్రాయవచ్చునను ఊహ వెబ్‌కు కలిగెను. చిత్రకథకు మూలము ఎర్విన్ వాకర్ అను దొంగ ఉదంతము. అతడు గ్లెండేల్ పోలీసు శాఖలో కొంతకాలము పనిచేసి, రెండవ ప్రపంచయుద్ధమున సైనికుడై, తిరిగివచ్చి ఆయుధములతో దొంగతనములకు దిగెను. 1946లో ఒక పోలీసు అధికారిని కాల్చి చంపెను.

ఆ చిత్రమున ఒక సన్నివేశము మనకు ముఖ్యము. దోపిడికి గురియైనవారు ఒక్కొక్కరు తాము చూచిన ముఖములోని ఒక్కొక్క భాగమును చెప్పుదురు. నొసలు ఒకరు, ముక్కు ఒకరు, గడ్డము వేరొకరు. ఆ మాటలను కూర్చి పోలీసులు దొంగ ముఖమును తెరపై నిర్మింతురు. సాక్షుల మాటలనుండి కనబడని మనిషిని రూపొందించు ఈ పనియే రేడియో నాటకపు పనియు. భేద మేమనగా, చిత్రమున ఆ ముఖమును ప్రయోగశాల కూర్చినది. రేడియోలో దానిని శ్రోతయే కూర్చుకొనును. చలనచిత్రమునకు ఒక సన్నివేశమైనది రేడియోకు సమగ్ర శిల్పమైనది.

దోపిడిదొంగను గాలించు నాటకముల సామాన్య నిర్మాణమును మన నాట్యశాస్త్రము చెప్పిన పంచావస్థలతో పోల్చి చూడవచ్చును. ఫ్రైడే తన కంఠముతోనే నగరము పేరు, నాటి వారము, తేదీ, వాతావరణము, తాను పనిచేయు విభాగము, పై అధికారి పేరు చెప్పును. దోపిడి వార్త అందును. ఇది ఆరంభము. దుకాణదారులను, బాటసారులను ప్రశ్నించుట, పాత నేరస్థుల ఛాయాచిత్రములు చూపుట, నేరము చేసిన పద్ధతిని పాత దస్తరములతో సరిపోల్చుట యత్నము. ఒక వాహనమో, ఒక తుపాకియో, ఒక మారుపేరో దొరకుట ప్రాప్త్యాశ. అంతలో ఆ దారి మూసికొనిపోవుటయు, మరల తెరచుకొనుటయు జరుగును. దొంగ యున్న చోటు తెలిసి పరిశోధకులు కాచి యుండుట నియతాప్తి. పట్టుబడుట ఫలాగమము.

ఈ పోలికలో ఒక భేదమును గమనింపవలెను. మన నాటకములలో ఫలము నాయకునకు చెందును. రాజ్యమో, నాయికయో అతనికి లభించును. ఫ్రైడేకు లభించునది ఏమియు లేదు. వచ్చు వారము అతనికి మరియొక దస్తరము వచ్చును. ఫలమును అనుభవించునది నగరము. నాటకాంతమున వ్యాఖ్యాత విచారణ జరిగిన న్యాయస్థానమును, పడిన శిక్షను చెప్పుట పరిపాటి. కావున ఇచట ఫలము దొంగ చిక్కుట కాదు, తీర్పు. ఈ విషయమున రేడియో నాటకము తన బీజమైన చిత్రమును మించినది. చిత్రమున దొంగ నగరము క్రింది వాననీటి కాలువలలో పోలీసుల తుపాకులకు బలియగును. నిజమునకు వాకర్ 1946 డిసెంబరులో ప్రాణములతోనే పట్టుబడెను. మరణశిక్ష పడినను అది అమలు కాలేదు. 1974లో అతడు కారాగారమునుండి విడుదలయ్యెను. కంటికి విందుగొలుపు ముగింపుకొరకు చిత్రము సత్యమును విడిచెను. దృశ్యము లేని రేడియో ఆ ప్రలోభమునకు అంతగా లోనుగాలేదు.

భయోత్పాదన యెట్లు జరిగినదో తెలిసికొనిననే గాని ఈ శిల్పము సంపూర్ణముగా బోధపడదు. దొంగ చేత తుపాకి కలదు. అతడు కాల్చుటకు వెనుదీయడు. ఈ సంగతి మనకు దొంగ మాటలవలన గాక బాధితుల తడబాటు వలన తెలియును. నాటకము చాల భాగము గడచువరకు అతని కంఠమే వినబడకపోవచ్చును. తలుపులు, మెట్లు, టెలిఫోనులు, అడుగుల చప్పుడు మిక్కిలి శ్రద్ధతో కూర్చబడినవి. ఈ సామాన్య ధ్వనులు ఎడతెగక వినవచ్చుచుండుటచే అవి ఆగినపుడు కలుగు నిశ్శబ్దమే భయమునకు ఉద్దీపన విభావమగుచున్నది. తుపాకి ప్రేలుట కంటె, ప్రేలునేమోయని పరిశోధకులు తలుపు వెలుపల నిలిచిన క్షణము బలవత్తరము.

నటుల సంభాషణ తీరు దీనికి అనుగుణముగా నున్నది. వెబ్ ఆవేశమును అణచి, సామాన్యులు మాటలాడునట్లు చదివించెను. ఫ్రైడే కోపము గాని భయము గాని కంఠమున దాదాపు కనబరచడు. అనుభావములు ఇట్లు తగ్గినకొలది శ్రోత తన హృదయమునుండి వానిని పూరించుకొనును. ఉత్సాహము స్థాయిగా గల వీరరసము ఇచట గర్జనగా గాక ఓపికగా పరిణమించినది. ఈ శైలి ఎంత ప్రసిద్ధమైనదనగా, 1953లో స్టాన్ ఫ్రీబర్గ్ దీనికి హాస్యానుకరణము చేసెను. ఫ్రైడే నోట జనులు నేటికిని ఉంచు ఒక ప్రసిద్ధవాక్యము ఆ రూపమున నాటకమాలలో లేదు. దాని వ్యాప్తికి ఆ అనుకరణము తోడ్పడినది.

సన్నివేశముల నడుమ ఫ్రైడే చెప్పు చిన్న కథనములు మన విష్కంభములను జ్ఞప్తికి తెచ్చును. గడచిన గంటలు, తిరిగిన వీధులు, విఫలమైన ప్రయత్నములు నాలుగు వాక్యములలో ముగియును. అయితే విష్కంభమున చెప్పువారు ప్రధానపాత్రలు కారు. ఇచట నాయకుడే సూత్రధారుడు, నాయకుడే విష్కంభపాత్ర. తత్ఫలితముగా శ్రోతకు ఫ్రైడే యెరిగినది తప్ప వేరొకటి తెలియదు. అతడు అడుగు ముందుకు వేయనిదే మనము వేయలేము. ఈ నాటకముల గుణమంతయు ఈ నియమమున నున్నది.

దోషమును అచటనే కలదు. ప్రతి నాటకమును ఒక ప్రకటనతో ఆరంభమగును: వినబోవు కథ నిజమనియు, నిర్దోషుల రక్షణకై పేర్లు మాత్రము మార్చబడినవనియు దాని సారము. ఇతివృత్తము ప్రఖ్యాతము, ఉత్పాద్యము, మిశ్రము అని మూడు విధములు. సంఘటన నిజము, నామములు కల్పితములు కావున దీనిని మిశ్రమనవచ్చును. కాని నిజమను మాటకు ఇచట ప్రమాణమేమి? పోలీసు దస్తరము. దస్తరమును వ్రాసినవారు పోలీసులు. నాటకములు ఆ శాఖ సహకారముతోను, సమ్మతితోను తయారైనవి. పోలీసులు వ్రాసికొననిది దస్తరమున ఉండదు; దస్తరమున లేనిది ఫ్రైడే చెవిని పడదు; ఫ్రైడే విననిది శ్రోతకు చేరదు.

ఇందుకు ఒక నిదర్శనము చాలును. రొమెరో పాత్రధారి బార్టన్ యార్‌బరో 1951 డిసెంబరులో హఠాత్తుగా మరణింపగా, ఆ మరణమునే కథలోనికి తెచ్చి ‘ది బిగ్ సారో’ అను నాటకమును డిసెంబరు 27న ప్రసారము చేసిరి. సహచరుని గోల్పోయిన పోలీసు దుఃఖము అందు విషయము. దానికి రెండు దినములు ముందు, క్రిస్‌మస్ నాటి వేకువను, అదే నగరపు పోలీసులు నిర్బంధమున నున్న ఏడుగురు యువకులను దారుణముగా కొట్టిరి. వారిలో అయిదుగురు మెక్సికన్ సంతతివారు. 1952లో ఎనమండుగురు పోలీసులపై అభియోగములు మోపబడెను. ఒకే వారమున ఒకే శాఖకు చెందిన రెండు సత్యములివి. ఒకటి నాటకమైనది. ఆ ఘటన జరిగి రెండు దినములైనను గడువక మునుపే వేరొక కథ వ్రాసియుండవలెనని ఎవరును కోరరు. కాని ఈ నాటకమాల కట్టుబాటునందు ఆ రెండవ సత్యమునకు తావే లేదు. దొంగ సైన్యమునుండి తుపాకివైపు ఏల మరలెను, పోలీసు శాఖలో పనిచేసినవాడు పోలీసునే ఏల చంపెను అను ప్రశ్నలకును ఇట్లే తావు లేదు. దొంగకు చివర కంఠము లభించును గాని దృక్కోణము లభింపదు.

ఇంతమాత్రముచే దీనిని ప్రచారసాహిత్యమని త్రోసివేయుట న్యాయము గాదు. ఉద్యోగము చేయు మనిషి అలసటను, విఫలయత్నములను, సామాన్య సాక్షుల మాటతీరును ఇంత నిదానముగా వినిపించిన నాటకములు అరుదు. దోపిడిదొంగకు వీరత్వమును అంటగట్టక, పరిశోధకునికి అద్భుతప్రజ్ఞను అంటగట్టక కథను నిలిపిన శిల్పము ప్రశంసనీయము. వినువారు ఆ సత్యప్రతిజ్ఞను సాక్ష్యముగా గ్రహించుటయే చిక్కు. అది సాక్ష్యము గాదు. చకోరము వెన్నెలను త్రాగుననుట వంటి కవిసమయము. కథలోనికి ప్రవేశించుటకు శ్రోత అంగీకరించు నియమమేగాని కథకు వెలుపల నిలిచి ఏమియు నిరూపింపదు.

కావున శ్రవ్యనాటకములను పరిశోధించువారు ‘ఇది నిజమా?’ అను ప్రశ్నతో ఆగరాదు. ఈ నాటకమున ఎవరి చెవితో మనము వినుచున్నాము, ఆ చెవికి చేరని ధ్వని యేది అని కూడ అడుగవలెను. కన్ను మూసి వినుట రేడియో నాటకము నేర్పిన విద్య. వినబడని దానిని గుర్తించుట విమర్శకుడు నేర్వవలసిన విద్య.