తేరుకునే వ్యవధి: విరామ శిక్షణ పరిశోధనల్లో రాకెట్ క్రీడాకారుల మనఃస్థితి – ఒక విమర్శనాత్మక పరిశీలన

1. ప్రవేశిక

మా కళాశాల వ్యాయామవిద్యా విభాగంలోని సహాధ్యాపకులొకరు ఆమధ్య ఒక ఆంగ్ల ప్రశ్నావళిని తెలుగు చేసిపెట్టమని అడిగారు. బాడ్మింటన్ ఆడే విద్యార్థులకు ఆరు వారాలపాటు ఇంటర్వెల్ శిక్షణ ఇచ్చి, దానికి ముందూ తర్వాతా వారి మానసికస్థితిని కొలవాలన్నది ఆయన ప్రణాళిక. ఒక సాయంత్రం పని అనుకున్నాను. 'ఆంగ్జైటీ' అన్న తొలి మాట దగ్గరే ఆగిపోయాను. నిఘంటువు 'ఆందోళన' అంటుంది. ఆ మాట వినగానే మా విద్యార్థికి కలెక్టరేటు ముందు ధర్నా గుర్తొస్తుంది. పత్రికల క్రీడాపుటలు 'ఒత్తిడి' అంటాయి. పరీక్షల భారానికీ, అభిమానుల ఆశలకూ, రక్తపోటుకూ కూడా అదే మాట. ఆటగాడు తనలో తాను అనుకునే మాటలు వేరు: గుబులు, దడ, బెదురు, కంగారు.

క్రీడామనస్తత్వశాస్త్రం ఆందోళనను రెండుగా విభజిస్తుంది. ఒకటి ఆలోచనకు సంబంధించినది, రెండోది దేహానికి సంబంధించినది. రైనర్ మార్టెన్స్ బృందం రూపొందించిన పోటీ ఆందోళన మాపని ఈ విభజన మీదే నిలిచింది. గుబులు మనసులో పుడుతుంది, దడ గుండెలో పుడుతుంది. శాస్త్రం ప్రయత్నపూర్వకంగా సాధించిన భేదం మన వాడుకలో ముందే ఉంది. రెండింటినీ 'ఆందోళన' అనే ఒక్క గోనెసంచిలో వేసి కట్టింది మన అనువాదమే.

ఈ చిక్కు నన్ను ఆ ప్రశ్నావళి దాటించి, దాని వెనుకనున్న పరిశోధనల దాకా తీసుకెళ్లింది. నేను వ్యాయామశాస్త్రవేత్తను కాను. అయితే ఒక రంగం తన కీలకపదాన్ని ఎలా వాడుతున్నదో చూడటం సాహిత్య విద్యార్థి పనే. ఇక్కడ ఆ కీలకపదం 'విరామం'. విరామం పేరునే ధరించిన ఈ పరిశోధనలు విరామాన్ని ఖాళీగా వదిలేస్తున్నాయన్నది ఈ వ్యాసంలో నా ప్రధానాక్షేపం.

2. పేరు ఎక్కడ పుట్టింది

1930లలో జర్మనీలో శిక్షకుడు వోల్డెమార్ గెర్ష్‌లర్, హృద్రోగ వైద్యుడు హెర్బర్ట్ రైండెల్ కలిసి ఈ పద్ధతికి శాస్త్రీయరూపం ఇచ్చారు. పరుగుతో గుండెవేగాన్ని నిమిషానికి 180 దాకా పెంచడం, ఆపి 120కి దిగేదాకా వేచి ఉండటం, మళ్లీ పరుగెత్తించడం వారి విధానం. 90 సెకన్లలో దిగకపోతే పరుగు మరీ తీవ్రంగానో, మరీ దీర్ఘంగానో ఉన్నట్టు లెక్క. వారి దృష్టిలో గుండె బలపడేది పరుగులో కాదు, పరుగు ఆగిన తొలి క్షణాల్లో. ఆ పద్ధతికి పరుగు పేరు కాక విరామం పేరు వచ్చింది అందుకే. గెర్ష్‌లర్ శిష్యుడు రుడాల్ఫ్ హార్బిగ్ 1939లో మిలాన్‌లో 800 మీటర్లను 1 నిమిషం 46.6 సెకన్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డు సృష్టించాడు. గుండె గురించిన వారి సిద్ధాంతంలో కొంత భాగాన్ని తర్వాతి శాస్త్రం సవరించింది. అయితే విరామం కూడా శిక్షణలో భాగమేనన్న మౌలికదృష్టిని సవరించలేదు, మరిచిపోయింది.

ఆ మరుపుకు మంచి ఉదాహరణ టబాటా పద్ధతికి పట్టిన గతి. ఇజుమి టబాటా బృందం 1996లో ప్రచురించిన ప్రయోగంలో 20 సెకన్ల తీవ్రశ్రమ, 10 సెకన్ల విరామం చొప్పున ఏడెనిమిది ఆవృత్తులు సైకిల్ యంత్రం మీద చేయించారు. ఆరు వారాల్లో ప్రాణవాయు వినియోగ సామర్థ్యమూ, అవాయు సామర్థ్యమూ రెండూ పెరిగాయి. నేడు వ్యాయామశాలల్లో, బాడ్మింటన్ శిబిరాల్లో అది మంత్రంలా వాడుకలో ఉంది. అందులో శ్రమ రెండు పాళ్లు, విరామం ఒక పాలు. బాడ్మింటన్ సింగిల్స్‌లో ర్యాలీ సగటున పది సెకన్లకు అటూఇటూ, తర్వాతి విరామం సుమారు దానికి రెట్టింపు. అంటే నిష్పత్తి తలకిందులు. టేబుల్ టెన్నిస్‌లో ర్యాలీ మూడు నాలుగు సెకన్లే. స్క్వాష్‌లో ర్యాలీ దీర్ఘం, విరామం స్వల్పం. టెన్నిస్ గ్రాండ్‌స్లామ్ పోటీల్లో పాయింట్ల మధ్య వ్యవధిని 25 సెకన్లుగా నియమమే నిర్ణయించింది. వీటన్నింటినీ 'రాకెట్ క్రీడలు' అని ఒక గాటన కట్టి, ఒకే నమూనాలో శిక్షణ ఇచ్చి, ఫలితాలను కలిపి చెప్పే వ్యాసాల్లో మొదట జారిపోతున్నది ఈ కాలభేదమే. తలకిందుల నిష్పత్తితో చేసిన సాధన నిష్ప్రయోజనమని నేననడం లేదు. దేహానికి అది లాభించవచ్చు. దొరికిన ఇరవై సెకన్లను ఎలా వాడుకోవాలో మాత్రం అది నేర్పదు.

3. మనసును ఎప్పుడు అడుగుతున్నాం

2011లో బార్ట్‌లెట్, ఆయన సహచరులు 8 మంది పురుషులతో చేసిన అధ్యయనం ఈ రంగంలో తరచుగా ప్రస్తావనకు వస్తుంది. తీవ్రమైన విరామ పరుగు, ఆగకుండా సాగే మధ్యస్థ పరుగు కంటే కష్టంగా తోచినా, ఎక్కువ ఆనందాన్ని ఇచ్చిందని అందులో తేలింది. మరోవైపు పాంటెలీమన్ ఎకెకాకిస్ పరిశోధనలు, తీవ్రత ఒక హద్దు దాటాక శ్రమ జరుగుతున్నంతసేపూ సుఖభావన తగ్గుతుందనీ, ఆపగానే అది వేగంగా పుంజుకుంటుందనీ చూపాయి. ఈ రెండూ పరస్పరవిరుద్ధాలని కొందరు వాదిస్తారు. నాకు అలా కనబడదు. అడిగిన వేళలు వేరు. పరుగు ముగిశాక 'ఆనందించారా' అని అడిగితే జవాబు చెప్పేది అప్పుడే గండం గడిచిన మనిషి. పురిటినొప్పుల గురించి ఎప్పుడడిగితే ఏ జవాబొస్తుందో మన ఇళ్లలోని పెద్దవాళ్లను అడిగితే చెబుతారు.

పైగా ఆ 8 మందీ పరుగెత్తినవారు, ఎదుట ప్రత్యర్థి లేనివారు. వారి విరామంలో చూసి భయపడాల్సిన స్కోరు లేదు. రాకెట్ క్రీడాకారుడి విరామంలో జరిగిపోయిన తప్పు ఉంటుంది, రాబోయే సర్వీసు ఉంటుంది, నెట్ అవతల తన ఆయాసాన్ని కొలుస్తున్న కన్ను ఉంటుంది. ఈ సంగతిని టెన్నిస్‌లో ముందుగా గుర్తించినవాడు జిమ్ లోయర్. అగ్రశ్రేణి ఆటగాళ్లు పాయింట్ల మధ్య ఏం చేస్తున్నారో గమనించి, ఆ కొద్ది సెకన్లకు నాలుగు దశల క్రమాన్ని ఆయన సూచించాడు. ముందు దేహస్పందన, తర్వాత విశ్రమణ, ఆపైన తదుపరి పాయింటుకు సన్నాహం, చివర అలవాటైన చిన్న చేష్ట. శిక్షకులు దీన్ని అందిపుచ్చుకున్నారు. విరామ శిక్షణ పరిశోధకులు మాత్రం ఎక్కువగా వారాల ముందూ వారాల తర్వాతా నింపించే ప్రశ్నావళి దగ్గరే ఉండిపోయారు. 'మానసిక ప్రభావం' అన్న పెద్ద శీర్షిక కింద వారు కొలుస్తున్నది క్రీడాకారుడు ఆట గురించి తీరిగ్గా చెప్పే అభిప్రాయాన్నే.

4. గ్లాస్గో నుంచి గచ్చిబౌలికి

2017 ఆగస్టులో గ్లాస్గోలో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్‌ను తెలుగునాట మరిచినవారు తక్కువ. నొజోమి ఒకుహర 21-19, 20-22, 22-20తో పి.వి. సింధుపై గెలిచింది. 110 నిమిషాల ఆట. రెండో గేమ్ 73 షాట్ల ర్యాలీతో సింధు వశమైంది. ఆ ర్యాలీ గురించి మనవాళ్లు ఎంతో రాశారు. ఆ ర్యాలీ ముగిశాక మూడో గేమ్ మొదలయ్యేలోపు ఏం జరిగిందో ఎవరూ రాసినట్టు నేను చూడలేదు. నిబంధనల ప్రకారం గేమ్‌ల మధ్య 120 సెకన్లు, ప్రతి గేమ్‌లో ఆధిక్యంలో ఉన్నవారు 11కు చేరినప్పుడు 60 సెకన్లు విరామం. ఆ ఓటమిని 'గుండెనిబ్బరం' లోపంగా చెప్పడం నాకు సమ్మతం కాదు. రెండు పాయింట్ల తేడాను శీలానికి ముడిపెట్టకూడదు. అదే సింధు రెండేళ్లకు బాసెల్‌లో అదే ప్రత్యర్థిపై 21-7, 21-7తో ప్రపంచ విజేత అయింది.

2016 రియో ఒలింపిక్స్ నాటి మరో కథనం ఇక్కడ ఉపయోగపడుతుంది. సింధు కోర్టులో మౌనంగా ఉంటున్నదని, పుల్లెల గోపీచంద్ తన అకాడమీలో అందరి ఎదుటా ఆమె చేత గట్టిగా అరిపించారని అప్పట్లో పత్రికల్లో విస్తృతంగా వచ్చింది. ఆ వార్తను మనం 'మొహమాటం పోగొట్టిన గురువు' కథగా చదువుకున్నాం. గురుశిష్య కథలంటే మనకున్న మక్కువ అలాంటిది. శిక్షణ దృష్టితో చదివితే వేరే అర్థం తోస్తుంది. పాయింటు గెలిచాక వేసే కేక ర్యాలీలోది కాదు, ర్యాలీ తర్వాతి విరామంలోది. అంటే ఆ రోజు సాధన జరిగింది కాళ్లకూ చేతులకూ కాదు, ఆ కొద్ది సెకన్లకు. దాన్ని మామూలు సాధన గంటల్లో భాగంగా లెక్కించే పరిశోధన నమూనా మన దగ్గర ఏది?

ఆ అరవై సెకన్ల సంభాషణ ఏ భాషలో జరుగుతున్నదన్నది మరొక ప్రశ్న. హైదరాబాద్‌లో ఇండోనేషియా, కొరియా శిక్షకులు పనిచేశారు. టోక్యోలో సింధు కాంస్యం గెలిచినప్పుడు ఆమె వెనుక కూర్చున్నది పార్క్ టే-సాంగ్. శిక్షకుడికీ శిక్షితురాలికీ ఇద్దరికీ మాతృభాష కాని ఆంగ్లంలో, ఆయాసం మధ్య, నాలుగైదు మాటలు. అంతర్జాతీయస్థాయిలో అది తప్పదు. అయితే అమలాపురం, గుంటూరు, ఖమ్మం వంటి ఊళ్లలో పన్నెండేళ్ల పిల్లలకు తెలుగు శిక్షకులే చెబుతున్నారు. వారు విరామంలో వాడే మాటల్ని సేకరించి, వర్గీకరించిన అధ్యయనమేదీ నా కంట పడలేదు. క్రీడాశాస్త్రమూ భాషాశాస్త్రమూ కలిసి చేయవలసిన పని అది.

5. ఒక మాట

'ఇంటర్వెల్' అంటే తెలుగువాడికి ముందు సినిమా హాలు గుర్తొస్తుంది. మన కథారచయితలకు ఇంటర్వెల్ ఖాళీ సమయం కాదని బాగా తెలుసు. రెండోసగం ఎలా చూస్తారన్నది ఆ చోటే తేలుతుందని వారు అక్కడికి ఒక 'బ్యాంగ్' కట్టి ఉంచుతారు. 'విరామ శిక్షణ' అన్న అనువాదంలో ఈ బిగువు లేదు. తీరిక వేళల్లో ఇచ్చే శిక్షణేమో అనిపిస్తుంది. ప్రశ్నావళిలో 'రికవరీ'కి మొదట నేను రాసింది 'కోలుకోవడం'. అది జ్వరం తగ్గినవాడి మాట. సహాధ్యాపకులే దిద్దారు: "మా పిల్లలు అలా అనరండీ. ర్యాలీ అయ్యాక 'ఆగరా, తేరుకోనీ' అంటారు."

తేరుకోవడమంటే కలకబారిన నీరు అడుగుకు దిగి తేటపడటం. ఊపిరికీ అదే మాట, దిగ్భ్రమకూ అదే మాట. దేహం తేరుకున్నా మనసు తేరుకోకపోవచ్చు. గుండెవేగం 120కి దిగాక కూడా పోయిన పాయింటు కళ్లముందు తిరుగుతూ ఉండవచ్చు. ఆ రెండింటి మధ్య ఎడం ఎంత, శిక్షణతో అది తగ్గుతుందా అన్నది ఆరు వారాల అధ్యయనం అడగదగిన ప్రశ్న. మేము ఆ ప్రశ్నావళిని పక్కన పెట్టలేదు. దానితోపాటు మరో చిన్న కాగితం తయారుచేశాం. సాధన ఆటలో 11వ పాయింటు దగ్గర, అరవై సెకన్లలో, గుండెవేగం కొలిచే పట్టీ చేతికి ఉండగానే విద్యార్థి రెండు గీతల మీద గుర్తు పెట్టాలి. ఒక గీత కింద 'దడ' అని, రెండో గీత కింద 'గుబులు' అని రాసి ఉంటుంది. మొదటిరోజే ఒక అమ్మాయి దడ గీతపై చివరికంటా గుర్తు పెట్టి, గుబులు గీతను ఖాళీగా వదిలేసింది. కారణం అడిగితే, స్కోరు ఎంతో చూసి చెబుతానంది.