నీళ్ల చుట్టూ కట్టిన ఇల్లు

కుసాత్సులో ఊటనీళ్లు మరీ వేడి. జపాన్‌లోని గున్మా కొండల్లో, సముద్రమట్టానికి సుమారు 1,200 మీటర్ల ఎత్తున ఉన్న ఈ ఊళ్లో నిమిషానికి 32 వేల లీటర్లకు పైగా వేడినీరు భూమిలోంచి ఉబికి వస్తుంది. ఆ నీటి వేడి చాలాచోట్ల 50 డిగ్రీలు దాటి ఉంటుంది. అందులో మనిషి దిగలేడు. కాసిని చన్నీళ్లు కలిపితే సరిపోయేదానికి ఎందుకింత అవస్థ అని కొత్తవాళ్లకు అనిపిస్తుంది. కుసాత్సు వాళ్లు మాత్రం కలపరు. కలిపితే నీటి గుణం పలచబడిపోతుందని వాళ్ల పట్టుదల. అందుకే తొట్టి చుట్టూ వరుసగా నిలబడి, మనిషెత్తు చెక్కపలకల్ని నీళ్లలోకి దించి, పాట పాడుతూ, లయ తప్పకుండా అటూ ఇటూ తిప్పుతారు. వేడికాఫీని గ్లాసులోంచి గ్లాసులోకి తిరగబోసి చల్లార్చుకునే పద్ధతే ఇది. దీన్ని యుమోమి అంటారు.

ఇప్పుడది యాత్రికుల కోసం పూటపూటా జరిగే ప్రదర్శన. కానీ దాని వెనకున్న పట్టుదల ఇంకా అలాగే ఉంది. ఊరి నడిబొడ్డున యుబతాకె అనే చోట ఊటనీటిని పొడవాటి చెక్కకాలువల్లో పారించి, గాలికి వేడి తగ్గాక స్నానశాలలకు పంపుతారు. కాలువల అడుగున పేరుకున్న గంధకాన్ని గీకి, ఎండబెట్టి దాచుకుంటారు. ఆ నీటిలో ఆమ్లం ఎంతటిదంటే, దిగువన నదిలో చేపా పంటా బతకడానికి సున్నం కలిపి విరుగుడు చేసే పని 1964లో మొదలుపెట్టాల్సి వచ్చింది. 1876లో జపాన్‌కు వచ్చి టోక్యోలో వైద్యం బోధించిన జర్మన్ డాక్టర్ ఎర్విన్ బెల్జ్ ఈ నీటి మంచితనాన్ని బయటి ప్రపంచానికి చాటినవాళ్లలో ముఖ్యుడు.

ఇలాంటి వేడినీటి ఊటను జపాన్‌లో ఒన్‌సెన్ అంటారు. దాన్ని ఆనుకుని చాలాచోట్ల కనిపించే సంప్రదాయ బస ర్యోకాన్. ర్యోకాన్ గురించి చెప్పేవాళ్లు సాధారణంగా తతామి చాపలు, కాగితపు తలుపులు, వంగి నమస్కరించే మర్యాదల దగ్గర మొదలుపెడతారు. అవన్నీ అందమైనవే. కానీ ఒన్‌సెన్ ర్యోకాన్‌లో ఆ ఏర్పాట్లన్నిటికీ ఒక పరమార్థం ఉంది: నీళ్లను పాడు చెయ్యకుండా మనిషి దగ్గరికి చేర్చడం, మనిషిని ఆ నీళ్లకు సిద్ధం చేయడం. ఆ సంగతి మనసులో పెట్టుకుని చూస్తే అక్కడి ప్రతి చిన్న పద్ధతికీ కారణం కనిపిస్తుంది.

మధ్యాహ్నం 3 గంటల ప్రాంతంలో అతిథి వస్తాడు. చెప్పులు గుమ్మంలోనే ఆగిపోతాయి. గదిలో చాపలు, ఒక పొట్టి బల్ల, గోడలో తొకోనోమా అనే గూడు, అందులో ఒక చిత్రపటమో పూలగుత్తో ఉంటాయి. మంచం ఉండదు. నకాయి అని పిలిచే పరిచారిక వచ్చి వేడి టీ, ఓ తీపి పదార్థం పెడుతుంది. ఇది స్వాగత మర్యాదే, స్నానానికి ముందు జాగ్రత్త కూడా. ప్రయాణపు బడలికతో, ఖాళీ కడుపుతో వేడినీళ్లలో దిగితే కళ్లు తిరుగుతాయి. ఆ కాస్త తీపీ, ఆ గుక్కెడు టీ ఒంటికి ఊతం. ఆ తర్వాత బట్టలు మార్చుకుని యుకాతా కట్టుకోవాలి. తేలికైన ఈ నూలు అంగీకి ఎడమ అంచు పైకి రావాలి. కుడి అంచు పైకి రాకూడదు, అలా కట్టేది శవానికి. అతిథి పొరపాటున తిరగేసి కట్టుకుంటే నకాయి నొచ్చుకోకుండా సరిచేస్తుంది. ఇక మర్నాటి దాకా స్నానానికైనా, భోజనానికైనా, చాలా ఊళ్లలో వీధిలోకైనా అదే దుస్తు.

స్నానశాల గుమ్మానికి నోరెన్ అనే తెర వేలాడుతుంది. మగవాళ్లకో రంగు, ఆడవాళ్లకో రంగు. చాలా ర్యోకాన్లలో రాత్రి దాటాక ఈ తెరల్ని అటుదిటు మారుస్తారు. సాయంత్రం ఆడవాళ్లు వాడుకున్న తోటవైపు తొట్టి పొద్దున మగవాళ్లకు దక్కుతుంది. తెర చూడకుండా అలవాటు కొద్దీ లోపలికి నడిస్తే చిక్కే.

లోపల మొదటి పని ఒళ్లు కడుక్కోవడం. పొట్టి పీట మీద కూర్చుని, సబ్బుతో రుద్దుకుని, నురగ చుక్క మిగలకుండా కడుక్కోవాలి. జుట్టు పొడవుగా ఉంటే ముడేసుకోవాలి. తర్వాత తొట్టిలోని నీళ్లనే చెంబుతో ముంచి, ముందు పాదాల మీద, తర్వాత తొడల మీద, ఆపైన భుజాల మీద పోసుకోవాలి. దీని పేరు కకేయు. గుండెకు దూరంగా మొదలుపెట్టి దగ్గరికి రావడంలో ఒంటిని వేడికి అలవాటు చేసే ఉపాయం ఉంది. ఆ తర్వాతే తొట్టిలో దిగాలి. చిన్న తువ్వాలు నీళ్లలో ముంచకూడదు, మడిచి నెత్తిన పెట్టుకోవాలి. తొట్టి మురికి వదిలించుకునే చోటు కాదు, పదిమంది పంచుకునే నీరు. ఈ ఒక్క నియమం తెలిస్తే మిగతావన్నీ వాటంతట అవే అర్థమవుతాయి. నీరు 40 నుంచి 42 డిగ్రీల దాకా ఉంటుంది, పది నిమిషాలు మించకుండా కూర్చుని లేవడం మేలు. మెత్తని నీళ్లయితే చివర్లో మళ్లీ కడుక్కోకుండా తుడుచుకుంటారు, గుణం ఒంటిమీద నిలవడానికి. కుసాత్సులాంటి ఆమ్లపు నీళ్లయితే మంచినీళ్లు పోసుకోవాలి.

వేడినీటి గుండాలు తెలుగువాళ్లకు కొత్త కాదు. భద్రాచలం దగ్గర గుండాలలో గోదావరి ఒడ్డున వేడినీళ్లు ఊరుతాయి. బదరీనాథ్ వెళ్లిన తెలుగు యాత్రికులు తప్తకుండంలో మునిగే దర్శనానికి వెళ్తారు. అక్కడ స్నానం దర్శనానికి ముందు మెట్టు. ర్యోకాన్‌లో స్నానమే వచ్చిన పని. చేరగానే ఒకసారి, నిద్రకు ముందు ఒకసారి, తెల్లవారి మరోసారి.

తేడా ఇంకొకటి ఉంది, దాని గురించి మొహమాటపడకుండా చెప్పుకోవాలి. అక్కడ ఒంటిమీద నూలుపోగు లేకుండా నీళ్లలో దిగాలి. ఆడవాళ్లకూ మగవాళ్లకూ వేరే వేరే తొట్లే అయినా, ముక్కూమొహం తెలియనివాళ్ల మధ్య అలా నడవడం మనలో చాలామందికి సంకోచమే. దానికీ దారి ఉంది. చాలా ర్యోకాన్లలో కషికిరి అనే చిన్న స్నానగది ఉంటుంది. గంటసేపో, ముప్పావుగంటో ఒక కుటుంబానికే కేటాయిస్తారు. ఖరీదైన గదులకు సొంత తొట్టే ఉంటుంది. ఒంటిమీద పచ్చబొట్టు ఉన్నవాళ్లను చాలాచోట్ల ఉమ్మడి తొట్టిలోకి రానివ్వరు, వాళ్లకీ ఇదే మార్గం.

ఇంతకీ ఏ నీటిని ఒన్‌సెన్ అనాలి? 1948 నాటి ఒన్‌సెన్ చట్టం ప్రకారం ఊట దగ్గర 25 డిగ్రీలైనా ఉండాలి, లేదా చట్టం చెప్పిన 19 పదార్థాల్లో ఒక్కటైనా నిర్ణీత మోతాదులో ఉండాలి. దేశమంతటా 27 వేలకు పైగా ఊటలున్నాయి. వైద్యగుణం ఉందనే నీళ్లను పది రకాలుగా విభజించారు. ఇనుమున్న నీరు గాలి తగిలి తుప్పురంగు తిరుగుతుంది, గంధకపు నీరు పాలలా మారుతుంది. వెండి మెట్టెలతో గంధకపు నీళ్లలో దిగితే అవి నల్లబడటం ఖాయం.

ఈ పాలరంగే ఒకప్పుడు పెద్ద రచ్చకు కారణమైంది. నగానో కొండల్లోని షిరాహోనె ఊరు తెల్లని నీళ్లకు ప్రసిద్ధి. అక్కడి నీళ్లలో తెలుపు తగ్గినప్పుడు కొన్నిచోట్ల రంగునిచ్చే స్నానపు పొడి కలుపుతున్నారని 2004లో బయటపడింది. ఆ తర్వాత వేరే ఊళ్లలో మామూలు నీళ్లనే ఒన్‌సెన్ అని చూపించిన సంగతులూ ఒకటొకటిగా వెలుగులోకి వచ్చాయి. దేశం దేశమే నొచ్చుకుంది. మరుసటి ఏడాది నిబంధనలు మార్చారు. నీళ్లు కలిపారా, వేడి చేశారా, వాడిన నీటినే వడగట్టి తిప్పుతున్నారా, క్రిమిసంహారకం వేశారా అన్నది స్నానశాలలో రాసిపెట్టి తీరాలి. ఊట నుంచి వచ్చిన నీరు తొట్టి నింపి, పొర్లి, బయటికి పోతూనే ఉండే పద్ధతిని గెన్‌సెన్ కకేనగాషి అంటారు. రసికులు వెతికేది దాన్నే.

నీళ్లను తిప్పి వాడటం నేరమేమీ కాదు. ఊట చిన్నదైతే తప్పదు. తప్పల్లా శుభ్రత మానడంలోనే. 2023లో ఫుకువోకా ప్రాంతంలో ఎంతో పేరున్న ఒక ర్యోకాన్ వారానికోసారి మార్చాల్సిన నీళ్లను ఏడాదికి రెండుసార్లే మార్చిందని తేలింది. ఆ నీళ్లలో న్యుమోనియా తెచ్చే లెజియొనెల్లా బ్యాక్టీరియా హద్దుమీరి కనిపించింది. గది ఎంత అందంగా ఉన్నా, వంగి ఎంత వినయంగా నమస్కరించినా, నీళ్ల దగ్గర మాట తప్పితే ర్యోకాన్‌కు విలువ లేదు.

నీళ్లు ఊరి ఉమ్మడి ఆస్తా, ఇంటి సొంతమా అన్న తగవును కినోసాకి ఊరు ఏళ్ల తరబడి మోసింది. ఒకప్పుడు అక్కడి సత్రాల్లో లోపల స్నానాలుండేవి కావు. అందరూ వీధిలోని ఉమ్మడి స్నానశాలలకే వెళ్లేవాళ్లు. 1925 భూకంపంలో ఊరంతా కూలి, కాలిపోయింది. తిరిగి కట్టుకునేటప్పుడు ఒక ర్యోకాన్ సొంతంగా లోపల తొట్టి పెట్టింది. అది వ్యాజ్యమై 1950 దాకా నడిచింది. చివరికి రాజీ కుదిరింది: నీళ్లు ఊరి యాజమాన్యంలో ఉంటాయి, ర్యోకాన్లు లోపల చిన్న తొట్లే పెట్టుకోవాలి. ఆ రాజీ వల్లే ఈనాటికీ సాయంత్రమయ్యేసరికి ఆ వీధులు యుకాతాలతో, చెక్కచెప్పుల చప్పుడుతో నిండుతాయి. ఏ ర్యోకాన్‌లో దిగినా ఊళ్లోని ఉమ్మడి స్నానశాలలకు వెళ్లవచ్చు. కథకుడు శిగా నవోయా రైలు తగిలి గాయపడి కోలుకోవడానికి వచ్చింది ఇక్కడికే. ఆ అనుభవంతో రాసిన కథ 1917లో అచ్చయింది.

క్యూషూ దీవిలో అసో పర్వతానికి దగ్గరగా ఉన్న కురోకవాది ఇంకా ముచ్చటైన కథ. ఒకప్పుడు జనం రాక వెలవెలబోయిన కుగ్రామం అది. గొతో తెత్సుయా అనే ర్యోకాన్ యజమాని తన ఇంటివెనక కొండను ఉలితో తొలిచి గుహలో స్నానశాల చేశాడు, చుట్టూ అడవిచెట్లు తెచ్చి నాటాడు. ఆయన్ని చూసి మిగతావాళ్లూ రోతెన్‌బురో, అంటే ఆరుబయటి తొట్లు కట్టుకున్నారు. రెండు ర్యోకాన్లకు మాత్రం అందుకు జాగా లేకపోయింది. వాటిని వదిలేయడానికి ఊరు ఒప్పుకోలేదు. 1986లో దేవదారు జాతి చెక్కతో చేసిన బిళ్ల ఒకటి అమ్మడం మొదలుపెట్టారు. అది కొన్నవాళ్లు ఊళ్లో ఇష్టమైన మూడు ర్యోకాన్లలో స్నానం చేయవచ్చు. ఎవరికి వారు పెట్టుకున్న బోర్డులు పీకేశారు. ఊరంతా ఒకే ర్యోకాన్, ఒక్కో ఇల్లూ ఒక్కో గది, వీధులే నడవలు అన్నది వాళ్లు పెట్టుకున్న లెక్క. పక్కవాడి గిరాకీ లాక్కోవడమే వ్యాపారం అనుకునే ఏ యాత్రాస్థలమైనా కురోకవాను చూసి నేర్చుకోవాలి.

రాత్రి భోజనం స్నానం తర్వాతే. చాలాచోట్ల గది అద్దెలోనే రాత్రి భోజనం, పొద్దున ఫలహారం కలిసే ఉంటాయి, లెక్క మనిషికింత అని. చిన్న చిన్న గిన్నెల్లో వరసగా వస్తాయి: నంజుళ్లు, చారు, పచ్చి చేప, కాల్చినది, ఉడికించినది, అన్నిటికన్నా చివర అన్నం, మిసో చారు, ఊరగాయ. ఏ కాలంలో ఏది పండితే, ఏది దొరికితే అదే. కినోసాకిలో నవంబరు నుంచి మార్చి దాకా పీతలే రాజ్యమేలతాయి. భోజనం ముగిసేసరికి బల్ల పక్కకు జరిగి, అల్మారాలోని ఫుతోన్ పరుపు చాప మీద పరిచి ఉంటుంది.

ఇదంతా నడిపించేది ఒకామి, ఇంటి యజమానురాలు. ఏ అతిథికి మోకాళ్ల నొప్పో, ఎవరికి చేపంటే పడదో ఆమె గుర్తుపెట్టుకుంటుంది. ఈ విద్య ఇళ్లలో తరతరాలుగా దిగుతూ వచ్చింది. యమానాషిలోని కెయిఉన్‌కాన్ 705లో మొదలైంది, ప్రపంచంలోకెల్లా పాత హోటల్‌గా గిన్నిస్ గుర్తించింది. ఇషికవాలోని హోషి 718 నాటిది, ఆ ఇంటి పెద్ద ఎవరైనా జెంగోరో అనే పేరే పెట్టుకుంటాడు. కెయిఉన్‌కాన్‌కు మాత్రం ఇంట్లో వారసుడు దొరకలేదు. 2017లో బాధ్యత అక్కడే పనిచేసిన, రక్తసంబంధం లేని ఉద్యోగి చేతికి వెళ్లింది. కష్టం ఆ ఒక్క ఇంటిదే కాదు. 1980 నాటికి 80 వేలు దాటిన ర్యోకాన్లు 2018 నాటికి సగం కన్నా తక్కువకు పడిపోయాయి. పిల్లలు నగరాలకు పోయారు. గదికి భోజనం మోసే నకాయిలు దొరకడం లేదు. వెనకటి రైతులు కోతలయ్యాక బియ్యం, కూరలు మూటకట్టుకుని వచ్చి, సొంతంగా వండుకుంటూ వారాల తరబడి నీళ్లలో ఒళ్లు నొప్పులు తీర్చుకున్న తోజి పద్ధతి కూడా కొద్దిచోట్లే మిగిలింది. ఇది పోతే నిజంగా నష్టమే. డబ్బున్నవాళ్ల విడిది కాకముందు ఒన్‌సెన్ పనిచేసి అలిసిన ఒళ్లకు ఆసరా.

జపాన్ వెళ్లే తెలుగువాళ్లు ఇప్పుడు ఎక్కువయ్యారు. వెళ్లేవాళ్లు రాత్రులన్నీ టోక్యో హోటళ్లకే ఖర్చు పెట్టేయకుండా రెండు రాత్రులైనా ర్యోకాన్‌కు ఉంచుకోవాలి. శాకాహారులు గది తీసుకునే రోజే ఆ మాట చెప్పాలి. మాంసం మానేస్తే చాలదు, చారు నుంచి కూర దాకా దాదాపు అన్నిటిలోనూ ఎండుచేప కాచిన దాషి ఉంటుంది, అదీ వద్దని విడమరచి రాయాలి. భోజనానికి వేళ ఉంటుంది కాబట్టి సాయంత్రం చీకటి పడకముందే చేరుకోవాలి. గుండెజబ్బు, బీపీ ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టర్‌ని అడిగి వెళ్లాలి. బట్టలు మార్చుకునే గదిలో గోడకున్న నీటి వివరాల కాగితాన్ని ఫోన్ అనువాదంతోనైనా చదవాలి. లెక్కలో మనిషికి రోజుకు సాధారణంగా 150 యెన్ల స్నానపు పన్ను వేరేగా కనిపిస్తుంది. అందులో కొంత ఆ ఊటల్ని కాపాడటానికే ఖర్చవుతుంది.