గెలుపు మాట, సంధి మాట: నాసిక్, గిర్నార్, కన్హేరి శాసనాల పునఃపఠనం

సూరత్ నగరంలోని గోడాదరాలో, మరమగ్గాల పనికై తెలంగాణ జిల్లాల నుంచి తరలివచ్చి స్థిరపడిన నేత కుటుంబాలు అనేకం ఉన్నాయి. అక్కడి తెలుగువారి సమావేశంలో నేను శాతవాహనులను గురించి ప్రసంగించిన ఒక సందర్భాన, గుజరాతీ మాధ్యమంలో చదువుకుంటున్న విద్యార్థి ఒకడు లేచి, "శాతకర్ణి శకులను గెలిచాడా, వాళ్ల చేతిలో ఓడాడా?" అని అడిగాడు. తండ్రి చెప్పినది ఒకటి, తాను విన్నది మరొకటి. గెలిచిన శాతకర్ణి గౌతమీపుత్రుడనీ, ఓడిన శాతకర్ణి ఎవరన్న విషయంలో పండితులలో భేదాభిప్రాయాలున్నాయనీ నేను సమాధానం చెప్పాను. చెప్పినది తప్పు కాదు. కాని అది రాజుల పట్టికకు సరిపోయే జవాబే తప్ప ఆ బాలుని సందేహానికి తగినది కాదు. అతడు అడిగినది వాస్తవానికి వేరొక ప్రశ్న: యుద్ధకాలంలో పాలకులు చెప్పిన మాటను మనం ఏ మేరకు నమ్మాలి? ఆ ప్రశ్ననే ఆధారంగా చేసుకొని మూడు శాసనాలను మళ్లీ చదవడం ఈ వ్యాసం ఉద్దేశం.

మొదటిది నాసిక్ సమీపంలోని త్రిరశ్మి పర్వతంపై 3వ గుహలో, వాసిష్ఠీపుత్ర పులుమావి 19వ పాలనా సంవత్సరంలో ఆయన నాయనమ్మ గౌతమీ బాలశ్రీ వేయించిన ప్రాకృత శాసనం. భద్రాయణీయ భిక్షువులకు లయనదానం చేస్తూ, గతించిన కుమారుని కీర్తిని ఆమె అందులో నిలిపింది. గౌతమీపుత్రుడు శక, యవన, పహ్లవులను అణచినవాడనీ, క్షహరాత వంశాన్ని నిశ్శేషం చేసినవాడనీ చెప్పిన ఆ ప్రశస్తే, అపరాధం చేసిన శత్రువునైనా చంపడానికి ఇష్టపడనివాడని కూడా ఆయనను వర్ణిస్తుంది. ఈ రెండు విశేషణాలు ఒకే గోడపై ఉన్నాయి. మన చరిత్ర గ్రంథాలు మొదటిదానిని రాజకీయ చరిత్ర అధ్యాయంలోను, రెండవదానిని ధర్మం, సంస్కృతి అధ్యాయంలోను వేరువేరుగా ఉదాహరించడం వల్ల వాటి మధ్యనున్న ఘర్షణ పాఠకునికి కనబడకుండా పోయింది.

రెండవది గిర్నార్ కొండదారిలో, జునాగఢ్ శిలపైనున్న రుద్రదాముని శాసనం. శక సంవత్సరం 72, అనగా క్రీ.శ. 150 నాటి వరదకు తెగిపోయిన సుదర్శన తటాకాన్ని పునర్నిర్మించిన సందర్భంలో వెలువడిన సంస్కృత గద్యమిది. మంత్రులు వద్దన్నా, ప్రజలపై పన్నుగాని వెట్టిగాని మోపకుండా, సొంత ఖజానాతో కట్ట కట్టించినట్లు రాజు చెప్పుకొన్నాడు. మధ్యలో దక్షిణాపథపతియైన శాతకర్ణిని ధర్మయుద్ధంలో రెండు మార్లు జయించి కూడా, సంబంధం దగ్గరిదైనందున నిర్మూలించలేదన్న మాట వస్తుంది. యుద్ధంలో తప్ప మనుషులను చంపనన్న వ్రతం కూడా ఈ శాసనంలోనే ఉంది. నాసిక్ ప్రశస్తి పేర్కొన్న 9 దేశాలలో సురాష్ట్ర, కుకుర, అపరాంత, అనూప, ఆకరావంతి అనే ఐదు ఇక్కడ రుద్రదాముని దేశాలుగా పునరావృతమవుతాయి. ఒకే భూమికి ఇద్దరు యజమానులు సాక్ష్యం చెప్పుకొంటున్నారు. బాలశ్రీ చనిపోయిన కుమారుని దేశాలను లెక్కించిందేగాని, మనుమడి చేతిలో వాటిలో మిగిలినవేవో చెప్పలేదు.

రుద్రదాముని వాక్యాన్ని చాలామంది ఔదార్యానికి నిదర్శనంగా చదివారు. నాకు మాత్రం అందులో "రెండు మార్లు" అన్న మాట కీలకంగా తోస్తుంది. మొదటి గెలుపు తరువాత కుదిరిన ఏర్పాటు నిలిచి ఉంటే రెండవ గెలుపు అవసరం ఉండేది కాదు. విజయాల సంఖ్యను పెంచి చెబుతున్నాననుకొన్న ప్రశస్తికారుడు, తెలియకనే ఒక సంధి వైఫల్యాన్ని నమోదు చేశాడు. నిర్మూలించలేదు అన్న మాటలో కూడా "చేయగలిగి చేయలేదా, చేయలేక చేయలేదా" అన్న సందేహానికి తావుంది. యుద్ధాన్ని ఎందుకు ఆపవలసివచ్చిందో తన ప్రజలకు వివరించవలసిన పాలకునికి బంధుత్వం మర్యాదైన కారణం.

ఆ బంధుత్వానికి ఆధారం మూడవ శాసనం. కన్హేరి గుహలలో ఒక నీటి తొట్టి దానానికి సంబంధించి శిథిలమై మిగిలిన సంస్కృత లేఖనమది. వాసిష్ఠీపుత్ర శ్రీ శాతకర్ణి దేవిని కార్దమక వంశజురాలుగా, మహాక్షత్రపుని కుమార్తెగా అది పేర్కొంటుంది. తండ్రి పేరులో తొలి అక్షరం మాత్రమే నిలిచింది. ఆయన రుద్రదాముడే అన్నది అధిక సంఖ్యాకుల అభిప్రాయం. ఆమె సొంత పేరు మనకు దక్కలేదు. రెండు రాజ్యాల మధ్య శాంతికి పణంగా నిలిచిన స్త్రీ, గిర్నార్ శిలపై "సంబంధం" అనే ఒక్క మాటగా మిగిలి, కన్హేరిలో ఒక మంత్రి చేసిన నీటి దానం పక్కన మాత్రమే మనిషిగా కనిపిస్తుంది. ప్రశస్తులు చదివే మనం ఈ తారతమ్యాన్ని గమనించవలసి ఉంది.

రాజుల ప్రకటనలను పరీక్షించడానికి రాజుల పాలనాపత్రాలే సాధనాలు. గౌతమీపుత్రుడు 18వ ఏట విజయ సేనాశిబిరం నుంచి గోవర్ధనంలోని అధికారికి పంపిన ఆజ్ఞ నాసిక్ గోడపైనే ఉంది. అంతవరకు ఉషవదాతుని అనుభవంలో ఉన్న 200 నివర్తనాల పొలాన్ని త్రిరశ్మి భిక్షువులకు ఇమ్మని ఆ ఆజ్ఞ సారాంశం. గెలిచిన రాజు ఓడినవాని భూమితో చేసిన తొలి ప్రకటన అది. కాని ఆరేళ్లకు, 24వ ఏట, రాజు పేరా రాజమాత పేరా మరొక ఆజ్ఞ వెలువడింది. ఆ పొలం దున్నబడడం లేదు, ఆ ఊరిలో జనం లేరు. కనుక దానికి బదులు 100 నివర్తనాల వేరొక భూమి ఇవ్వాలి. ఊరు ఎందుకు ఖాళీ అయిందో ఆజ్ఞ చెప్పదు. యుద్ధం నడిచిన సీమలో, చేతులు మారిన పొలంలో, ఆరేళ్లకు రైతు లేడన్నది మాత్రం నిశ్చయం. క్షహరాతులను నిశ్శేషం చేసిన గెలుపుకు అదే గుహలోని ఈ పొడి వాక్యం మిగిలిన సగం. జోగల్తెంబి నిధిలోని 13,000 పైచిలుకు నహపాణుని వెండి నాణేలలో దాదాపు మూడింట రెండు వంతులపై గౌతమీపుత్రుని ముద్ర పడింది. నాణెంపై పేరు మార్చడం ఒక సుత్తి దెబ్బ పని. బీడుపడ్డ పొలానికి రైతును తేవడం అంత సులభం కాలేదు.

ఇక భిక్షుసంఘం మాట. ఉషవదాతుడు గోవర్ధనంలోని సాలెవారి శ్రేణులలో 3,000 కార్షాపణాలు నిలువ ఉంచి, వడ్డీపై భిక్షువుల చీవరాలకు, ఇతర అవసరాలకు ఏర్పాటు చేశాడు. తపతి మొదలైన నదులపై ఉచితంగా పడవలు నడిపించాడు. నేటి సూరత్ ఆ తపతి ఒడ్డునే ఉంది. ఆయన పక్షం ఓడిపోయిన తరువాత కూడా ఆ దానశాసనం 10వ గుహలో చెక్కుచెదరకుండా నిలిచింది. విజేత ప్రశస్తి 3వ గుహలో వెలిసింది. సంఘం ఇద్దరి దానాలూ స్వీకరించి, ఇద్దరి మాటలకూ గోడ ఇచ్చింది. దీనిని అవకాశవాదమనే వారున్నారు. నేను పూర్తిగా అంగీకరించలేను. ఓడినవాని పేరును చెరిపివేయకపోవడం చిన్న విషయం కాదు. అయినా, వంశనాశనాన్ని కీర్తించే పంక్తులు విహారం గోడపై ఎక్కినప్పుడు సంఘం వాటిని ఎట్లా అర్థం చేసుకొన్నదన్న ప్రశ్న, నేటి భిక్షువులకు కూడా వర్తించే ప్రశ్నే.

రుద్రదాముని వాక్యాలున్న శిలపైనే అశోకుని 13వ శిలాశాసనం కూడా ఉంది. కళింగలో లక్ష మంది హతులు, లక్షా యాభై వేల మంది నిర్వాసితులు అయ్యారని ఒప్పుకొన్న పశ్చాత్తాపం గిర్నార్‌లోను, మన ఎర్రగుడిలోను ఉంది. కళింగలోని ధౌలి, జౌగడలలో లేదు. అక్కడ దాని స్థానంలో వేరే శాసనాలు వెలిశాయి. పైగా అదే పశ్చాత్తాప శాసనంలో అటవిక జనులకు హెచ్చరిక కూడా ఉంది. క్షమాపణ ఎవరికి వినిపించారు, ఎవరికి వినిపించలేదు అన్నది గమనించకుండా శాంతివచనాలను అంచనా వేయలేము.

కాబట్టి మన పఠనంలో మూడు జాగ్రత్తలు అవసరమని నా మనవి. ప్రశస్తిని ఆ ప్రాంతపు భూదాన పత్రాలతో, నాణేలతో కలిపి చదవాలి. ఒకే దేశంపై ఇరుపక్షాల హక్కులను పక్కపక్కన పెట్టాలి. అహింసావిశేషణం కనిపించిన ప్రతిచోటా దాని మినహాయింపును కూడా ఉదాహరించాలి. యుద్ధవిరమణను ఇరుపక్షాలూ తమ గెలుపుగానే ప్రకటించుకొనే ఈ కాలంలో ఈ అభ్యాసం పురావస్తు శాస్త్రానికే పరిమితమైనది కాదు.

గోడాదరా విద్యార్థికి ఈసారి నేను రాజుల పేర్లతో జవాబు చెప్పను. ఇద్దరూ గెలిచామనే రాయించుకొన్నారనీ, గెలుపు ఖరీదు ఎంతో తెలియాలంటే ఆ గోడపైనే ఉన్న బీడు పొలం సంగతి చదవాలనీ చెబుతాను.