బతికుండగా అడిగినందుకు

పెద్దమనుషులు పేరెత్తడానికే మొహమాటపడే సినిమాల ఇంటి తలుపు తట్టిన టీవీ డాక్యుమెంటరీ, నీకో దండం. రక్తం చూపించి, ఒళ్లు చూపించి, దెయ్యాన్ని చూపించి, అన్నిటికన్నా ముందు పోస్టర్ చూపించి జనాన్ని హాల్లోకి లాగినవాళ్ల ముంగిట్లోకి కెమెరా మోసుకెళ్లావు. వెక్కిరించడానికి కాదు, "ఇదెలా తీశారు?" అని అడగడానికి.

1988లో బ్రిటన్ ఛానల్ 4 నీకు చోటిచ్చింది. ముప్పై నిండని జొనాథన్ రాస్ నీకు గొంతయ్యాడు. 'ది ఇన్‌క్రెడిబ్లీ స్ట్రేంజ్ ఫిల్మ్ షో' నీ పేరు. ఎంత ధైర్యం నీది! నాలుగేళ్ల ముందే, 1984లో, వీడియో క్యాసెట్లకు కళ్లెం వేస్తూ ఆ దేశం చట్టం చేసింది. హెర్షెల్ గోర్డన్ లూయిస్ తీసిన 'బ్లడ్ ఫీస్ట్' అప్పటికే అధికారులు కేసులు పెట్టే క్యాసెట్ల జాబితాకెక్కింది. క్యాసెట్ షాపులో కనబడితే తంటా. దాన్ని తీసినాయన మాత్రం నీ పుణ్యమా అని ఇంటింటా టీవీలో ప్రత్యక్షం!

ఆయన కథ వినాలి. 1963లో మయామీలో, పాతిక వేల డాలర్ల లోపే చుట్టేసిన సినిమా అది. నాలుక పెరికే సీనుకు గొర్రె నాలుక. దర్శకత్వం తానే, కెమెరా తానే, సంగీతమూ తానే. నిర్మాత డేవిడ్ ఫ్రీడ్‌మన్ ప్రేక్షకులకు వాంతి సంచులు పంచిపెట్టాడు. లూయిస్ అంతకుముందు కాలేజీలో పాఠాలు చెప్పినవాడు. సినిమాలు మానేశాక పోస్టులో వెళ్లే వ్యాపార ప్రకటనలు రాయడంలో గురువనిపించుకుని, ఆ విద్య మీద పుస్తకాలకు పుస్తకాలే రాశాడు. ఆలోచిస్తే మూడింటిలోనూ పని ఒకటే, ఎదుటివాడి చూపు పక్కకు పోకుండా పట్టుకోవడం.

రే డెన్నిస్ స్టెక్లర్ దగ్గర ఇంకాసేపు కూర్చో. నీ పేరులో సగం ఆయన 1964లో తీసిన సినిమాదేగా! 'ది ఇన్‌క్రెడిబ్లీ స్ట్రేంజ్ క్రీచర్స్ హూ స్టాప్డ్ లివింగ్ అండ్ బికేమ్ మిక్స్‌డ్ అప్ జాంబీస్'. టికెట్ కౌంటర్ దగ్గర పేరు పూర్తిగా చెప్పేలోపు ఆట మొదలైపోతుంది. క్యాష్ ఫ్లాగ్ అని పేరు మార్చుకుని హీరో వేషమూ తానే కట్టాడు. ఆట మధ్యలో రాక్షసుల మాస్కులు తొడుక్కున్న మనుషులు థియేటర్లోకి ఉరికేవారు. ఆ సినిమా కెమెరా పనిలో చేయి వేసినవాళ్లెవరో తెలుసా? 1956 తిరుగుబాటు తర్వాత హంగరీ నుంచి పారిపోయి వచ్చిన విల్మోస్ జిగ్మండ్, లాస్లో కోవాక్స్. తర్వాత ఒకరు 'క్లోజ్ ఎన్‌కౌంటర్స్ ఆఫ్ ది థర్డ్ కైండ్'కి ఆస్కార్ అందుకున్నారు, ఇంకొకరు 'ఈజీ రైడర్'కి కెమెరా పట్టారు. చిన్న సినిమాల వాకిట్లో ఎవరు కూలి చేస్తున్నారో ఆ రోజు ఎవరికి తెలుసు!

టెడ్ మికెల్స్ శవాలను రుబ్బే యంత్రాన్ని ఒక చూపు చూసి వెళ్దాం. ఇటు మనిషి, అటు కైమా. ఆ కైమా తిన్న పిల్లులు మనుషుల మీద పడతాయి. 'ది కార్ప్స్ గ్రైండర్స్', 1971. అంతే కథ, అంతకు మించి అడగకూడదు.

డోరిస్ విష్‌మన్ అమ్మా, మీకు విడిగా ఒక నమస్కారం. భర్త పోయిన దుఃఖంలోంచి సినిమాలోకి వచ్చారు. మగవాళ్ల కోసం మగవాళ్లు నడిపే వ్యాపారంలో మీరు నిర్మాత, దర్శకురాలు. సౌండు విడిగా చేర్చేవారు కనుక మాట్లాడే మనిషి ముఖం తప్పించి కెమెరా కాళ్ల మీదికో, గదిలో సామాను మీదికో పోతుంది. పొదుపు కోసం చేసిన ఆ పనే మీ సినిమాల సంతకమైంది.

స్తుతి రాస్తున్నానని కళ్లు మూసుకోను. రస్ మేయర్ రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యం కోసం కెమెరా పట్టినవాడు, ఎడిటింగ్‌లో మొనగాడు. అయినా ఆ కెమెరా ఆడవాళ్ల ఒంటి మీద ఎక్కడెక్కడ ఆగుతుందో చూస్తే నాకు చిరాకే. ఇలాంటి కార్యక్రమాల్లో దర్శకుల ముచ్చట్లు ఎంతసేపు వింటామో, కెమెరా ముందు నిలబడ్డ ఆడవాళ్ల మాటా అంతసేపు వినాలి.

నీకు అందకుండా పోయినవాళ్లూ ఉన్నారు. మెక్సికో మల్లయోధుడు ఎల్ సాంతో జీవితమంతా వెండి ముసుగు తీయలేదు. 1984లో, పోవడానికి కొద్ది రోజుల ముందు, ఒక టీవీ కార్యక్రమంలో కాస్త ఎత్తి ముఖం చూపాడు. ముసుగుతోనే సమాధి చేశారు. ఎడ్ వుడ్ సంగతి ఇంకా కష్టం. బేలా లుగోసీ చనిపోతే, ఆయన ఉన్న కాసిన్ని షాట్లకు తన భార్య వైద్యుణ్ని జతచేసి, కేప్‌తో ముఖం కప్పించి 'ప్లాన్ 9 ఫ్రమ్ ఔటర్ స్పేస్' పూర్తిచేసినవాడు. ఉన్న ఇంట్లోంచి గెంటేస్తే స్నేహితుడి ఇంట్లో 1978లో 54 ఏళ్లకే కన్నుమూశాడు. రెండేళ్లకు ఒక పుస్తకం అతనికి చెత్త దర్శకుల్లో అగ్రతాంబూలమిచ్చింది. 1989లో నువ్వు వెళ్లేసరికి చెప్పడానికి స్నేహితులు మిగిలారు, అతను లేడు.

అందుకే నీకు దండం. విష్‌మన్ 2002లో, మేయర్ 2004లో, స్టెక్లర్ 2009లో, లూయిస్, మికెల్స్ ఇద్దరూ 2016లో వెళ్లిపోయారు. పోకముందే నువ్వు వాళ్ల ఎదుట కూర్చున్నావు.

మన దేశంలో 2023లో అమెజాన్ ప్రైమ్‌లో 'సినిమా మర్తే దమ్ తక్' వచ్చింది. హిందీ బి-గ్రేడ్ సినిమాలు తీసిన జె. నీలం, వినోద్ తల్వార్, దిలీప్ గులాటి, కిషన్ షాలను మాట్లాడించడమే కాదు, తలా ఒక చిన్న సినిమా తీయనిచ్చారు. తెలుగు ఛానళ్ల వారూ, ఓటీటీ వారూ, విఠలాచార్య 1999లోనే పోయారు. ఆయనవి ఈ కోవ సినిమాలు కావు గానీ, తక్కువ ఖర్చులో వింతలు చూపడంలో వీళ్లకు చుట్టమే. ఆ అస్థిపంజరాలను ఆడించినవాళ్లు, మాయలకు లైట్లు పట్టినవాళ్లు ఎవరైనా మిగిలి ఉంటే ఈ ఏడాదే వెళ్లి అడగండి.