ఓమ్నిని ఊడదీస్తే స్పోర్ట్స్ కారు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు ట్రాక్టరు ట్రాలీలు కట్టే షెడ్లకు కొదవ లేదు. ఇనుము కోసి ఛాసీ అతకడం, కింద యాక్సిల్ కూర్చోబెట్టడం, పైన రేకు బిగించడం అక్కడివాళ్లకు రోజూ ఉండే పనే. రెండు సీట్ల స్పోర్ట్స్ కారును ఇంటి దగ్గరే కట్టుకోవాలంటే కావలసిన పనితనంలో సగం ఆ షెడ్లలోనే దొరుకుతుంది.

ఈ విద్యకు ఊపు వచ్చింది ఇంగ్లండులో, అదీ పన్ను పుణ్యమా అని. 1957లో కాలిన్ చాప్‌మన్ లోటస్ సెవెన్ అనే స్పోర్ట్స్ కారు తెచ్చినప్పుడు, తయారైన కారు కొంటే కొనుగోలు పన్ను కట్టాలి, విడిభాగాలు కొంటే అక్కర్లేదు. దాంతో కారును విడగొట్టే అమ్మారు, కొన్నవాళ్లు ఇంట్లో బిగించుకున్నారు. 1973లో వ్యాట్ వచ్చి ఆ వెసులుబాటు పోయింది. అదే ఏడు సెవెన్ హక్కులు కేటర్‌హామ్ సంస్థకు వెళ్లాయి. అలవాటు మాత్రం మిగిలింది. 1996లో రాన్ చాంపియన్ 250 పౌండ్లకే స్పోర్ట్స్ కారు కట్టుకోవచ్చంటూ ఏకంగా ఒక పుస్తకం రాశాడు. అసలు విడిభాగాల కిట్టే కొనొద్దు, పాత ఫోర్డ్ ఎస్కార్ట్ ఒకటి కొని, దాని ఇంజను, గేరుబాక్సు, యాక్సిల్ ఊడదీసి, చుట్టూ ఫ్రేము మీరే అతుక్కోండి అన్నది ఆయన పద్ధతి.

మన దగ్గర ఆ ఎస్కార్ట్ స్థానం మారుతి ఓమ్ని వ్యానుది. తుక్కు కారు అనగానే అందరికీ ముందు మారుతి 800 గుర్తొస్తుంది కానీ, దాని ఇంజను అడ్డంగా కూర్చుని ముందు చక్రాలను తిప్పుతుంది. 1984 నుంచి 2019 దాకా తయారైన ఓమ్నిలోనూ అదే 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజనే. అయితే అక్కడ అది నిలువుగా కూర్చుని, పొడవాటి షాఫ్టు ద్వారా వెనక చక్రాలను తిప్పుతుంది. సెవెన్ తరహా కారుకు సరిగ్గా ఇదే అమరిక కావాలి. ఈ ఊహను నవ్వి కొట్టిపారేయనక్కర్లేదు. 2013లో కేటర్‌హామ్ తన చవక సెవెన్‌కు ఎంచుకున్నది కూడా సుజుకీ మూడు సిలిండర్ల 660 సీసీ టర్బో ఇంజను, సుజుకీ వెనక యాక్సిలే. ఆ కారు బరువు 490 కిలోలు, శక్తి 80 హార్స్‌పవర్. ఓమ్నికి అందులో సగం కూడా లేదు. బరువు తగ్గించుకోవడం తప్ప దానికి మరో దారి లేదు.

బరువు తగ్గేది ఫ్రేము దగ్గరే. చాంపియన్ వాడింది 25 మిల్లీమీటర్ల చదరపు పైపు, మందం 1.6 మిల్లీమీటర్లు. ట్రాలీ కట్టేవాళ్లకు అది బొమ్మ సామానులా కనిపిస్తుంది. కానీ బలం పైపు లావులో లేదు, ముక్కోణాల్లో ఉంది. నాలుగు పైపులు అతికిన చట్రాన్ని మూల పట్టి తోస్తే ఒరుగుతుంది. ఇనుప గేటుకు వేసినట్టు ఏటవాలుగా ఒక కమ్మీ వేస్తే బిగుసుకుపోతుంది. ఇంజను చుట్టూ, కాళ్లు పెట్టే చోట, వెనక యాక్సిల్ ముందు ఇలాంటి ముక్కోణాలు ఎన్ని పడితే మలుపులో ఫ్రేము అంత తక్కువగా మెలితిరుగుతుంది.

పని మొదలయ్యేది చదునైన బల్ల మీద. ప్లైవుడ్ పలకపై ఫ్రేము అడుగు భాగాన్ని అసలు కొలతలో గీసి, గీతల పక్కన చెక్కముక్కలు కొట్టి, వాటి మధ్య పైపులు పేర్చాలి. ముందు అన్ని అతుకులకూ చుక్కలు మాత్రమే పెట్టాలి. మూల నుంచి మూలకు తాడు పట్టి, రెండు కర్ణాలూ సమానంగా వచ్చాకే పూర్తి వెల్డింగ్. అదీ ఒకే వైపు వరసగా కాదు. ఎడమన ఒక అతుకు వేస్తే తర్వాతది కుడిన వేయాలి, లేకపోతే వేడికి ఫ్రేము అరటికాయలా వంగుతుంది.

అసలు తంటా ముందు చక్రాల దగ్గర. ఓమ్ని ముందు సస్పెన్షన్ నిలువు స్ట్రట్, సెవెన్ బానెట్టేమో మోకాలి ఎత్తుకు కాస్త పైన ఉంటుంది. ఆ స్ట్రట్ దాని కింద పట్టదు. కాబట్టి చక్రానికి పైన ఒకటి, కింద ఒకటి విష్‌బోన్ చేతులు కొత్తగా చేయాలి. వెనక కమాన్ పట్టీలు తీసేసి, యాక్సిల్‌ను నాలుగు లింకు రాడ్లతో, పక్కకు జరగకుండా మరో అడ్డ రాడ్డుతో పట్టి ఉంచాలి. ఓమ్నిలో డ్రైవరు గేరుబాక్సుకు ముందు కూర్చుంటాడు, ఇక్కడ వెనక. గేరు రాడ్ల దిశే తిరగబడుతుంది. షాఫ్టును కొత్త కొలతకు కోయించి, లేత్ మీద సరిచేయించి, బ్యాలెన్సింగ్ చేయించాలి. స్టీరింగ్ రాడ్డు తిన్నగా ఛాతీ మీదికి రాకుండా మధ్యలో జాయింటు పెట్టి వంచడం అలంకారం కాదు, ప్రాణరక్షణ.

ఖర్చు తగ్గించే చిట్కా కొనడంలో కన్నా అమ్మడంలో ఉంది. తలుపులు, అద్దాలు, వెనక సీట్లు, మిగిలిన రేకు ఏవీ ఈ కారుకు అక్కర్లేదు. వాటిని అమ్మితే ఓమ్ని ధరలో కొంత వెనక్కి వస్తుంది. బుష్‌లు, బేరింగులు, బ్రేకు పైపులు, టైర్లు మాత్రం కొత్తవే వేయాలి. అక్కడ పొదుపు పనికిరాదు.

మారుతి ఇంజనుతో రేసు కారు కట్టిన ఘనత తమిళనాడుది. కోయంబత్తూరుకు చెందిన ఎస్. కరివర్ధన్ 1980ల చివర్లో మారుతి 800 ఇంజనును డ్రైవరు వెనక అమర్చి ఫార్ములా మారుతి కార్లు చేశారు. ఎందరో భారతీయ రేసర్లు వాటితోనే మొదలయ్యారు. తెలుగునాట చేతితో కార్లు కట్టడమంటే హైదరాబాద్ బహదూర్‌పురాలో మ్యూజియం పెట్టిన కన్యాబోయిన సుధాకర్ పేరే ముందు వస్తుంది. వంకాయ, బర్గర్, క్రికెట్ బ్యాటు ఆకారాల్లో నడిచే బండ్లు ఆయనవి. 2005లో ఆయన చేసిన 41 అడుగుల ఎత్తు మూడు చక్రాల సైకిలు గిన్నిస్‌కెక్కింది. ఆయన దారి వేరు. ముందు ఆకారం తేల్చుకుని, యంత్రాన్ని అందులో దాస్తారు. స్పోర్ట్స్ కారు కట్టేవాడు యంత్రం కుదిరాక చివర్లో అల్యూమినియం రేకు, ఫైబర్ ముక్కు తొడుగుతాడు.

ఇక చట్టం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ చేసిన వాహన స్వరూపాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టూ ఆ మాటే చెప్పింది. కొత్త నమూనాగా ఒప్పించాలంటే పుణెలోని ఏఆర్ఏఐ లాంటి పరీక్షా సంస్థ నుంచి ఆమోదం కావాలి. ఒక్క కారు కోసం ఆ ఖర్చు భరించడం ఎవరి తరమూ కాదు. అంటే ఈ కారు 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కదు. సొంత చెలకలోనో, రేసు ట్రాకు మీదో తిరగాలి.

అందువల్ల దీని విలువ ప్రయాణంలో వెతకకూడదు. వనపర్తి ప్యాలెస్‌లో 1959 నుంచి ఉన్న కె.డి.ఆర్. పాలిటెక్నిక్ లాంటి చోట మెకానికల్ చదివే పిల్లలకు ఇది మంచి ప్రాజెక్టు. బాజా ఎస్ఏఈ ఇండియా పోటీలో 2007 నుంచి ఇంజనీరింగ్ విద్యార్థులు చేస్తున్నది దాదాపు ఇదే. అందరికీ ఒకేలాంటి చిన్న ఇంజను ఇస్తారు, ఫ్రేము, సస్పెన్షన్ ఎవరికి వారు చేసుకోవాలి. ఎవరి బండి నిలిచిందో, ఎవరి అతుకు విడిందో గుంతల ట్రాకు మీద పట్టపగలే తేలిపోతుంది.

కట్టినవాళ్లు మొదట పరీక్షించాల్సింది వేగాన్ని కాదు, బ్రేకును. ఓమ్ని బరువు పంపకం వేరు, ఈ కారుది వేరు. పాత బ్రేకులే ఉంచితే వెనక చక్రాలు ముందుగా పట్టేసి బండి గిర్రున తిరగవచ్చు. నడక వేగంతో మొదలుపెట్టి, మెల్లగా పెంచుతూ, ముందు చక్రాలే మొదట పట్టేలా ఒత్తిడి సర్దుకోవాలి. ఆ పరుగు అయ్యాక బండి జాకీ మీదికెత్తి, స్పానర్ పట్టుకుని ప్రతి నట్టూ మళ్లీ బిగించాలి.